నూరీకి పెట్టిన గిన్నె

పిల్లిని గోనెసంచిలో తేవాలని ఆదిశేషు చెప్పాడు. సంచి మూతి కట్టి, ఇంటి ముందు మూడు చుట్లు తిప్పి లోపల వదిలితే పాత ఇంటి దారి మరిచిపోతుందని, తన చిన్నప్పుడు కొమరోలులో అందరూ అట్లాగే చేసేవారని నమ్మకంగా అన్నాడు. కమ్రున్నీసా ఒప్పుకోలేదు. పన్నెండేళ్ల ముసలిదాన్ని సంచిలో వేసి తిప్పుతారా అంది. బుధవారం పొద్దున ఎండ ముదరకముందే వెదురు గంపలో పిల్లిని కూర్చోబెట్టి, పైన పాత దుపట్టా కప్పి, గంపను రొమ్ముకు ఆనించుకుని సందు వైపు తలుపులోంచి ఆదిశేషు వాళ్ల పెరట్లోకి వచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ ఇంటికి వచ్చేది ఆ తలుపులోంచే.

మార్కాపురంలో ఆ నాలుగు వీధుల ఆడవాళ్ల జాకెట్ కొలతలు కమ్రున్నీసాకు నోటికి వచ్చు. ఎవరు ఎప్పుడు ఒళ్లు చేశారో, ఎవరు ఎప్పుడు చిక్కిపోయారో వాళ్ల మొగుళ్లకన్నా ముందు ఆమెకే తెలిసేది. ఇప్పుడు కళ్లు సరిగా ఆనడం లేదు. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్లను పిలవాల్సి వస్తోంది. అందుకని మిషను అమ్మేసి గిద్దలూరులో కూతురు అఫ్సానా దగ్గరికి పోతోంది. అఫ్సానా కొడుకుకు ఉబ్బసం. పిల్లి వెంట్రుకలు ఇంట్లో ఉండకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడట. నెల కిందట చివరి జాకెట్లు ఇవ్వడానికి వచ్చి, పెరటి మెట్టు మీద కూర్చుని ఈ సంగతి చెబుతూ ఆమె కళ్లు తుడుచుకుంది.

ఆదిశేషు భార్య శ్రీదేవికి మాట ముందు, ఆలోచన తర్వాత. మాకియ్యి అక్కా, బిడ్డ మాదిరి చూసుకుంటా అని అక్కడికక్కడే అనేసింది. సాయంత్రానికల్లా వీధంతా తెలిసింది, తెలియజేసింది కూడా ఆమే. ఇక వెనక్కి తీసుకునే వీల్లేదు. ఆదిశేషుకు బజారులో కిరాణా దుకాణం, దుకాణం సరుకు ఇంటి వెనక గదిలో, ఆ సరుకు మీద ఎలుకలు. కాబట్టి ఆయన కూడా కాదనలేదు. పిల్లి వయసు తెలిశాక మాత్రం, ఇది ఎలుకలను పడుతుందా, వాటితో కలిసి పింఛను తీసుకుంటుందా అని అడిగాడు.

గంప మీది దుపట్టా తీస్తే లోపల తుడిచిన పలక రంగులో ఒక ముద్ద. ఎడమ చెవి కొస చిరిగి ఉంది. పచ్చటి కళ్లతో ఒకసారి పైకి చూసి మళ్లీ తల దించుకుంది. పేరు నూరీ.

కమ్రున్నీసా జాగ్రత్తలన్నీ ఒప్పజెప్పింది. మూడు రోజులు ఒకే గదిలో ఉంచాలి. ఇల్లంతా ఒకేసారి చూపిస్తే బెదిరిపోతుంది. తను కుట్టిన ఈ ముక్కల బొంత ఉతక్కూడదు, ఆ వాసనే దానికి ధైర్యం. పాదాలకు కొంచెం వెన్న రాస్తే నాక్కుంటూ నాక్కుంటూ కొత్త చోటు మీద కోపం తగ్గుతుంది. వెంటపడి ఎత్తుకోకూడదు, దగ్గర్లో నేల మీద కూర్చుంటే అదే వస్తుంది. అన్నీ చెప్పి, చివర్లో గొంతు తగ్గించి ఒక మాట అంది.

"నెల దినాల నుంచి చేపలు మాన్పించినా అమ్మా. మీ ఇంట్లో కుదరదు గదా. మొదట్లో నా మీద అలిగింది గానీ, ఇప్పుడు పాలన్నం తింటాంది."

మంచి పని చేశావు అక్కా అంది శ్రీదేవి. నిజంగానే మనసు తేలికపడింది. ఆ నెల రోజులు ఆ పొయ్యి దగ్గర ఏం జరిగి ఉంటుందో, చేపల తల కోసం అలవాటుగా వచ్చి కూర్చున్న ముసలి పిల్లికి పాలన్నం చూపించి ఎన్నిసార్లు బతిమాలి ఉంటారో ఆమెకు ఆ పూట తట్టలేదు.

తను కళ్లబడితే పిల్లి వెంటపడుతుందని కమ్రున్నీసా మళ్లీ శనివారం దాకా రానని చెప్పి, వెనక్కి చూడకుండా సందులోకి వెళ్లిపోయింది. శ్రీదేవి సరుకుల గదిలో మూలన బొంత పరిచింది. పాలన్నం పెట్టడానికి ఒక గిన్నె కావాలి. వంటింటి గిన్నెలో పిల్లి మూతి పెడితే దాన్ని మళ్లీ లోపలికి ఎట్లా తీసుకుపోవడం? చుట్టూ చూసింది. పెరటి గోడ గూట్లో ఒక స్టీలు గిన్నె, ఒక గ్లాసు బోర్లించి ఉన్నాయి. వెడల్పాటి గిన్నె. అంచున సొట్ట, అడుగున ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్క. ఇదైతే సరిపోతుంది అనుకుని తీసి, దులిపి, పాలన్నం కలిపి గదిలో పెట్టింది. చేతికి అందినంత తేలిగ్గా జరిగిపోయింది ఆ పని.

పిల్లి బియ్యం బస్తాల వెనక్కి దూరింది. ఆ రోజంతా బయటికి రాలేదు.

గురువారం శ్రీదేవి దాని పేరు మార్చింది. నూరీ అని పిలుస్తుంటే ఎదురింటి ఆవిడ అదేం పేరని నవ్వింది. నూరీకీ గౌరికీ పెద్ద తేడా ఏముంది, పలికేది ఒకటేగా అని తనకు తాను సర్దిచెప్పుకుని, గౌరీ, గౌరీ అని బస్తాల ముందు నిలబడి పదిసార్లు పిలిచింది. బస్తాల వెనక నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. మధ్యాహ్నం ఎప్పుడో అది బొంత మీదికి వచ్చి పడుకుంటే, ముందున్న గిన్నెతో సహా ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. కింద "మా ఇంటికొచ్చిన కొత్త మనిషి" అని రాసింది. సాయంత్రానికి డెబ్బై మంది చూశారు. నీది వెన్నలాంటి మనసు అని ఒకరు, మూగజీవాలను చూసుకునేవాళ్లే మనుషులు అని ఒకరు పెట్టారు. అవన్నీ ఆమె ఆదిశేషుకు చదివి వినిపించింది. ఆయన సరుకుల గదిలోకి తొంగి చూసి, కొత్త మనిషి తిన్నదా మరి అని అడిగాడు.

తినలేదు. పొద్దున పెట్టిన పాలన్నం మీద మీగడ కట్టింది. నీళ్లు మాత్రం కాసిని తాగినట్టుంది.

శుక్రవారానికి శ్రీదేవికి భయం మొదలైంది. పెరుగన్నం పెట్టింది. పాలలో బిస్కెట్లు నానబెట్టింది. వెన్న రాద్దామని పాదం పట్టుకోబోతే అది చెయ్యి గీరి బస్తాల మీదికి ఎక్కింది, ఎక్కలేక ఒకసారి జారింది కూడా. ఆ జారడం చూసి ఆమెకు గీరుకున్న మంట గుర్తులేకపోయింది. పశువుల ఆస్పత్రి కాంపౌండరుకు ఫోన్ చేస్తే, ముసలి జీవం కాబట్టి మూడు రోజులకు మించి ఏమీ తినకపోతే కాలేయం దెబ్బతింటుందని, ఏదో ఒకటి కడుపులో పడేట్టు చూడమని చెప్పాడు. చేపలో, గుడ్డో పెట్టి చూడకూడదా అని కూడా అడిగాడు. ఆమె ఫోన్ పెట్టేసింది. సందు చివర బండి మీద ఉడికించిన గుడ్లు అమ్ముతారు. తలుపు దాకా వెళ్లింది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని తిరిగి వచ్చేసింది.

చీకటి పడే వేళకు కమ్రున్నీసా ఫోన్ చేసింది. తిన్నదా అమ్మా అని అడిగింది.

"తినింది అక్కా, గిన్నె నాకి పెట్టింది" అంది శ్రీదేవి.

అవతల ఆమె అల్లాను తలుచుకుంది. శ్రీదేవి ఫోన్ పెట్టేసి, నిండుగా ఉన్న గిన్నె వైపు చూడకుండా గది తలుపు వేసింది. అబద్ధం ఎందుకు ఆడిందో ఆమెకే తెలియలేదు. పిల్లి చస్తుందన్న భయం ఒకవైపు, బిడ్డ మాదిరి చూసుకుంటానన్న మాట పోతుందన్న భయం ఇంకోవైపు. ఏది పెద్దదో తేల్చుకునే ధైర్యం లేకపోయింది.

శనివారం పదింటికి కమ్రున్నీసా వచ్చింది. ఆదివారం పొద్దున బస్సు. సామాను కట్టడానికి అఫ్సానా గురువారమే వచ్చింది, చాలావరకు అయిపోయిందని చెబుతూ పెరట్లోకి అడుగుపెట్టింది. శ్రీదేవి ఇప్పుడే నిద్రపోయింది, లేపొద్దులే అక్కా అంటూ తలుపుకు అడ్డం నిలబడబోయింది. అప్పటికే కమ్రున్నీసా గది గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుంది.

గుమ్మంలోనే గిన్నె ఉంది. పాలన్నం అంచుల్లో ఎండి, పసుపచ్చ తిరిగి, నిండుగా ఉంది. అబద్ధానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. శ్రీదేవి చెవులు వేడెక్కాయి. ఏం చెప్పాలా అని వెతుక్కుంటూ ఉంటే, కమ్రున్నీసా పాలన్నం వైపు కాదు, గిన్నె వైపు చూస్తోందని అర్థమైంది. ఆమె చెయ్యి చాపి గిన్నెను కొంచెం తిప్పింది. సొట్ట తన వైపుకు వచ్చింది.

అప్పుడు చూసింది శ్రీదేవి. మూడు రోజులుగా రోజుకు నాలుగుసార్లు ముట్టుకున్న గిన్నెను అప్పుడే మొదటిసారి చూసింది.

అది కమ్రున్నీసా గిన్నె. పండగ పాయసమైనా, మిగిలిన ఉప్మా అయినా, ఆ ఇంట్లో ఆమెకు పెట్టేది ఆ గిన్నెలోనే, టీ పోసేది ఆ గ్లాసులోనే. మెట్టు మీద కూర్చుని తిని, కుళాయి కింద తనే కడిగి, తనే గూట్లో బోర్లించి పోయేది. లోపలి గిన్నెలతో కలిసిపోకుండా అడుగున ఎర్ర చుక్క పెట్టింది అత్తగారు అలివేలమ్మ. ఆమె పోయి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఆ గిన్నెలోనే పెట్టమని శ్రీదేవికి ఎవరూ చెప్పలేదు. అత్తగారి పద్ధతి, నేనేం చేసేది అనుకోవడానికి అత్తగారు లేదు. నోరారా అక్కా అని పిలుస్తూ, ఆ గిన్నెలోనే పెడుతూ వచ్చింది. ఇప్పుడు ఇంట్లో గిన్నెలకు మైల తగలకుండా పిల్లికి ఏది పెట్టాలా అని వెతికితే, ఆమె చెయ్యి వెతుక్కోకుండా సరాసరి ఆ గూట్లోకే పోయింది.

భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఒళ్లంతా సిగ్గు. "అక్కా, నేను చూసుకోలా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. చూసుకోకపోవడమే కదా అసలు సంగతి.

"ఫొటోలోనే చూసినాలే అమ్మా" అంది కమ్రున్నీసా. "అఫ్సానా చూపించింది."

"ఏమన్నది?"

"ఏమంటాది. చిన్నప్పుడు నా ఎంబడి వచ్చి అది గూడా దీంట్లోనే తినింది గదా. ఫోను పక్కన పెట్టేసింది."

అఫ్సానా రెండు జడలతో ఆ మెట్టు మీద కూర్చుని సున్నుండ తినడం శ్రీదేవికి కళ్లముందు ఆడింది. ఆ పిల్ల తిన్న గిన్నెను తనే డెబ్బై మందికి చూపించి, వెన్నలాంటి మనసు అనిపించుకుంది.

కమ్రున్నీసా లేచి, ఎండిన పాలన్నాన్ని మొక్క మొదట్లో పారబోసి, కుళాయి కింద గిన్నె కడిగింది. నేను కడుగుతా అక్కా అంటూ శ్రీదేవి దగ్గరికి వచ్చేలోపే ఆమె బొటనవేలు అంచు చుట్టూ తిరిగి సొట్ట లోపల రెండుసార్లు రుద్దడం అయిపోయింది. కొంచెం గోరువెచ్చటి పాలు తెమ్మని అడిగింది. శ్రీదేవి లోపల్నుంచి పాలు, మెత్తటి అన్నం తెచ్చింది. కమ్రున్నీసా గిన్నె పట్టుకుని నిలబడింది. శ్రీదేవి పాలు వంచింది. జానెడు ఎత్తు నుంచి వంచింది. పాలు గిన్నెలో పడుతున్న చప్పుడు విన్నాక గానీ తన చెయ్యి ఎంత ఎత్తులో ఉందో ఆమెకు తెలియలేదు. చెయ్యి దించుదామనుకునేసరికి పాలు అయిపోయాయి.

కమ్రున్నీసా గదిలోకి పోయి బొంత పక్కన నేల మీద కూర్చుంది. మెతుకులు వేళ్లతో మెదిపి పాలలో కలిపింది. బస్తాల వైపు చూడనైనా చూడకుండా, ఆజా మా, నూరీ, ఆజా అని మెల్లగా రమ్మంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత బస్తాల సందులోంచి చిరిగిన చెవి కనిపించింది. పిల్లి నడుస్తూ వచ్చి ఆమె మోకాలికి తల రాసి, గిన్నె వాసన చూసి, మళ్లీ ఆమె ముఖంలోకి చూసింది.

"ఖాలే మా" అంది కమ్రున్నీసా. తినమని దాని వీపు నిమిరింది. తర్వాత తెలుగులో, పిల్లికో, తనకో, గుమ్మంలో నిలబడ్డ మనిషికో తెలియకుండా అంది. "మన గిన్నెనే. శుభ్రమైందే."

పిల్లి తింది. నాలుక చప్పుడు అవుతుండగా, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ గిన్నె ఖాళీ చేసింది. మూడు రోజులుగా శ్రీదేవి దేవుడికి మొక్కుకున్నది ఇదే. చూడలేక వంటింట్లోకి పోయింది.

టీ పెట్టింది. అల్మారాలోంచి అత్తగారి పేరు చెక్కిన పాత స్టీలు గ్లాసు తీసింది. అందులో టీ పోసి రెండు చేతులతో పట్టుకుని పెరట్లోకి వచ్చింది. కమ్రున్నీసా మెట్టు మీద కూర్చుని ఉంది. గ్లాసును చూసింది, దాని మీది అక్షరాలను చూసింది. చెయ్యి చాపలేదు.

"నా గ్లాసు ఉందిగా అమ్మా."

"దీంట్లో తాగు అక్కా."

"పోయే దినాన ఎందుకులేమ్మా" అంది కమ్రున్నీసా.

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఉంటే శ్రీదేవి తట్టుకునేదేమో. కమ్రున్నీసా లేచి గూట్లోంచి తన గ్లాసు తీసుకుని, నీళ్లతో తొలిచి ముందుకు చాపింది. శ్రీదేవి ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి టీ వంచింది. ఈసారి అంచుకు అంచు ఆనించి పోసింది. కొంచెం ఒలికింది. కమ్రున్నీసా ఊదుకుంటూ తాగి, గ్లాసు కడిగి, ఎప్పటిలాగే బోర్లించింది. క్షమించమని అడగాలని శ్రీదేవి నోటి దాకా వచ్చింది. బస్సు ఎక్కేటప్పుడు జాగ్రత్త అక్కా అన్నది మాత్రమే బయటికొచ్చింది. కమ్రున్నీసా ఇరవై రెండేళ్లు తను కూర్చున్న మెట్టు పక్కనుంచి, వచ్చిన తలుపులోంచే వెళ్లిపోయింది.

సోమవారం శ్రీదేవి ఆ గిన్నెను పాత ఇనుము సంచిలో వేసింది. ఇక అది కంట పడకూడదు. వంటింట్లోంచి మంచి గిన్నె, అలివేలమ్మ పేరు ఉన్నదే తెచ్చి పాలన్నం కలిపి, నూరీ అని పిలిచింది. ఆ పేరుకు పిల్లి వచ్చింది. గిన్నె వాసన చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, బొంత మీదికి పోయి పడుకుంది. మధ్యాహ్నం కూడా అంతే. సాయంత్రం దుకాణం నుంచి వచ్చిన ఆదిశేషు చూసి, పాతదాంట్లోనే పెట్టరాదూ, దానికదే అలవాటైనట్టుంది అన్నాడు. ఆయనకు గిన్నె సంగతి ఏమీ తెలియదు. ఆ ఇంట్లో ఆయనకు అది ఎప్పుడూ కనపడలేదు, కనపడాల్సిన అవసరం రాలేదు.

శ్రీదేవి సంచి మూతి విప్పి, రేకు ముక్కల కింద చెయ్యి పెట్టి గిన్నెను వెతికి తీసింది. గది నేల మీద బొంత పక్కన కూర్చుంది. మెతుకులు వేళ్లతో మెదిపి కలిపింది. పిల్లి వచ్చి, ఆమె మోకాలికి ఒక అడుగు దూరంలో ఆగి, ఆలోచించుకుని, తినడం మొదలుపెట్టింది.

అది తిన్నాక శ్రీదేవి గిన్నె తీసుకుని కుళాయి దగ్గరికి పోయింది. తోమడానికి పీచు తీసుకుని, గిన్నె బోర్లించి ఎర్ర చుక్క మీద చూపు ఆగినప్పుడు తట్టింది. ఇన్నేళ్లలో కమ్రున్నీసా తిన్నాక ఈ గిన్నెను తను ఒక్కసారి కూడా కడగలేదు. పిల్లి ఇంకో మూడేళ్లు బతుకుతుందో, నాలుగేళ్లు బతుకుతుందో. బతికినన్నాళ్లూ పూటపూటకూ కడగాలి. కడుగుతుంటే ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఏదో అర్హత ఉండాలనిపించి మింగేసింది.

ఫోన్ మోగింది. గిద్దలూరు నుంచి కమ్రున్నీసా. వెనక మనవడి దగ్గు వినిపిస్తోంది. ఇల్లు బాగుందని, మేడ మెట్లే ఎక్కలేకపోతున్నానని చెప్పి, నూరీ తిన్నదా అని అడిగింది.

"తినింది అక్కా. ఈసారి నిజమే. కొత్త గిన్నె పెడితే ముట్టుకోలేదు" అంది శ్రీదేవి. కుళాయి కట్టేసి చెప్పింది. "నీ గిన్నెలోనే తినింది. నేనే కడగతా ఉన్నా."

అవతల మనవడు మళ్లీ దగ్గాడు.

"సొట్ట కాడ మెతుకు ఇరుక్కుంటాది అమ్మా" అంది కమ్రున్నీసా. "పీచుతో రాదు. వేలు పెట్టి తియ్యాల."

శ్రీదేవి ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, గిన్నెను వెలుతురు వైపు తిప్పింది. సొట్ట మడతలో మెతుకు ఉంది. వేలు పెట్టింది. మొదటిసారికి రాలేదు. మళ్లీ కుళాయి తిప్పింది.